నిమిషానికి నూట ఎనభై

వన్ టౌన్‌లో నా రేడియో రిపేరు కొట్టు ఎంతుండేదంటే, నేను లోపల కూర్చుంటే వచ్చినవాళ్ళు బయట నిలబడాల్సిందే. ఒక పక్క బెల్లం గోడౌను, ఇంకో పక్క చింతపండు హోల్‌సేలు. ఇరవై ఏడేళ్ళు ఆ బల్ల ముందు కూర్చున్నాను. యాభై రెండో ఏట, ఒక మధ్యాహ్నం, చేతిలో సోల్డరింగ్ ఐరన్‌తో సహా ఆ బల్ల మీదికే వాలిపోయాను. బెల్లం గోడౌను హమాలీలు నన్ను తోపుడు బండి మీద పడుకోబెట్టి, అడ్డొచ్చినవాళ్ళని తిట్టుకుంటూ మెయిన్ రోడ్డు దాకా తోసి, ఆటో ఎక్కించారు. ఆసుపత్రిలో నర్సమ్మ నా చొక్కా విప్పబోతే, అది బెల్లం జిగురుకి వీపుకి అతుక్కుపోయి ఒక పట్టాన రాలేదట. గుండెపోటు సంగతి నాకు గుర్తులేదు గానీ ఈ బెల్లం సంగతి మా ఆవిడ వందసార్లు చెప్పింది కాబట్టి బాగా గుర్తు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయిందప్పటికి. రేడియోలు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. నాకు బువ్వ పెడుతున్నవి మైక్ సెట్లు. బందరు కాలవ వెంబడి కంకిపాడు దాకా ఉన్న ఊళ్ళలో మసీదుల్లో, రామాలయాల్లో, చర్చీల్లో ఉన్న ఆంప్లిఫయర్లు చాలావరకు నా చెయ్యి పడినవే. వాటి జబ్బులు కొట్టుకి తెస్తే దొరికేవి కావు. బల్ల మీద శుభ్రంగా పాడతాయి, ఊరికి తీసుకెళ్ళి బిగిస్తే మళ్ళీ గుర్రుమంటాయి. అక్కడే, మైకు కట్టిన స్తంభం కిందే నిలబడి, విని బాగుచెయ్యాలి. అందుకని వారానికి రెండు మూడు రోజులు తెల్లవారకముందే ఫజర్ నమాజు అవగానే సైకిలెక్కేవాణ్ణి. ఇంకాస్త ఆలస్యమైతే ఇటు వన్ టౌన్‌లో లారీలూ తోపుడు బళ్ళూ దారివ్వవు, అటు తాళంచెవి ఉన్న కమిటీ పెద్దమనిషి పొలానికి వెళ్ళిపోతాడు.

బస్సులు లేవా అంటారు. ఉన్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ ఆ బస్సుల గురించే చెప్పాడు. "ఇంకెందుకు భాయ్ ఈ తొక్కుడు, హాయిగా రెస్టు తీసుకోండి" అని పళ్ళు పెట్టి వెళ్ళేవారు. ఆ పళ్ళు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. మంచం మీద పడుకోబెట్టి బత్తాయిలు తినిపిస్తే మనిషి బతికున్నట్టేనా? కాలవ గట్టు మీద, ఎదురుగాలికి తల కాస్త వంచి, వెనక క్యారేజీ మీద పనిముట్ల సంచీ కదులుతూ ఉంటే, అప్పుడు నేను నా కాళ్ళ మీద ఉన్నట్టు. మళ్ళీ ఆ సైకిల్ ఎక్కి తీరతానని ఆసుపత్రి మంచం మీదే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే వినేవాళ్ళెవరున్నారు.

రెండు నెలలయ్యాక డాక్టరు గారు మెత్తబడ్డారు. చదునైన రోడ్డు మీద, నెమ్మదిగా, నాడి నిమిషానికి నూట ఇరవై దాటకుండా తొక్కొచ్చన్నారు. నేను "తొక్కొచ్చు" అన్న మాట విన్నాను. పక్కనున్న మా ఆవిడ "నూట ఇరవై" అన్న మాట విన్నది.

ఆవిడ తమ్ముడు కువైట్‌లో పని చేసేవాడు. ఫోన్లో అక్కా తమ్ముళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ, నెల తిరక్కుండా అక్కడి నుంచి వస్తున్న ఒకాయన చేత ఒక డబ్బా పంపించాడు. అందులో ఒక రబ్బరు పట్టీ, ఒక వాచీ. పట్టీని నీళ్ళతో తడిపి ఛాతీకి కట్టుకోవాలి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ పట్టీ ఒక చిన్న అల వదులుతుంది. తీగ ఉండదు. వాచీ ఆ అలల్ని లెక్కపెట్టి నిమిషానికి ఎన్నో అంకె చూపిస్తుంది. అంతేకాదు, ఒక బటన్ నొక్కితే ఆ రోజు ఎక్కడిదాకా ఎక్కిందో ఆ పెద్ద అంకె కూడా చెబుతుంది. ఈ రెండో సంగతి నాకు తెలియకముందే మా ఆవిడ నేర్చేసుకుంది. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే చెయ్యి చాపేది. వాచీ ఇచ్చేవాణ్ణి. బటన్ నొక్కి, అంకె చూసి, "ఊఁ, కాళ్ళు కడుక్కోండి" అనేది. అదీ నా విడుదల.

మొదట్లో అంతా సవ్యంగానే నడిచింది. పగటి పూట మా వీధిలో నడక, ఎనభై ఎనిమిది. సైకిల్ మీద కాలేశ్వరరావు మార్కెట్ దాకా, తొంభై ఆరు. బందరు రోడ్డు మీద కాసేపు, నూట నాలుగు. ఆవిడ ముఖంలో రంగు తిరిగి వచ్చింది. చివరికి ఒక రోజు, "సరే, పోరంకి దాకా వెళ్ళి రండి. కానీ పొద్దున్నే చీకటిగా ఉంటది, మంచు కూడాను. లైటు లేకుండా కదలటానికి వీల్లేదు. వాచీ లేకుండా కదలటానికీ వీల్లేదు" అంది.

ఈ రెండు షరతుల మధ్య నేను మూడు వారాలు నలిగిపోతానని అప్పుడు ఎవరికి తెలుసు.

లైటు కొనుక్కోవచ్చు. కానీ ఇరవై ఏడేళ్ళ మెకానిక్కు లైటు కొనుక్కుంటే నలుగురిలో తలెత్తుకోగలడా? అప్పుడప్పుడే తెల్లటి ఎల్‌ఈడీలు బజార్లోకి వచ్చాయి. రెండు పెన్సిల్ సెల్సుతో అవి సరిగ్గా వెలగవు, ఓల్టేజి పెంచాలి, దానికి ఒక కాయిల్ చుట్టాలి. బల్ల కింద డబ్బాలో పాత ట్రాన్సిస్టరు రేడియోల్లోంచి తీసిన ఏరియల్ రాడ్లు పడున్నాయి. వేలంత పొడుగు నల్లటి కడ్డీలు. ఒకటి తీసి దాని మీదే తీగ చుట్టేశాను. ఊరికే వెలిగితే లారీ డ్రైవరు చూడడని, సెకనుకి మూడుసార్లు మినుకుమనేలా ఇంకో చిన్న సర్క్యూట్ కలిపాను. అంతా ఒక సబ్బు డబ్బాలో సర్ది హ్యాండిల్‌కి బిగించాను. దాని పక్కనే, జానెడు దూరం కూడా లేదు, హ్యాండిల్‌కి వాచీ చుట్టాను. బెల్లం గోడౌను వాళ్ళని పిలిచి మరీ చూపించాను. "కళ్ళు పోతున్నాయి భాయ్" అన్నారు. నాకు కడుపు నిండింది.

మొదటి రోజు. నమాజు చేసుకుని బయల్దేరాను. చల్లగా ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది, నేనెంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. బెంజ్ సర్కిల్ దగ్గర దీపాల వెలుగులో యథాలాపంగా వాచీ వైపు చూశాను. నూట డెబ్భై తొమ్మిది.

బ్రేకు వేసి దిగిపోయాను. మూసి ఉన్న ఒక షాపు మెట్ల మీద కూర్చున్నాను. సైకిల్ స్టాండు వేసి నా ముందే ఉంది, లైటు మినుకుమంటూనే ఉంది. నూట ఎనభై. నాలో ఏ ఆయాసమూ లేదు. నొప్పి లేదు. కానీ అంకె అలా కళ్ళముందు ఉంటే లేని నొప్పి కూడా మొదలైనట్టు అనిపిస్తుంది. చెమటలు పట్టాయి. పది నిమిషాలు కూర్చున్నా అంకె దిగలేదు. ఇంక తొక్కే ధైర్యం చాలక, సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ నడక ఎంత పొడుగో నాకే తెలుసు. ఇంటి ముందు లైటు ఆపి లోపలికి వెళ్ళి కూర్చున్నాక వాచీలో తొంభై రెండు. మా ఆవిడ బటన్ నొక్కింది. అంకె చూసి, మళ్ళీ నొక్కి చూసింది.

నాలుగు రోజులాగి మళ్ళీ ప్రయత్నించాను. సందు చివరికి వెళ్ళేసరికే నూట ఎనభై. ఇంకో రోజు. మళ్ళీ అదే. పగలు వెళ్తే నూట రెండు, చీకట్లో వెళ్తే నూట ఎనభై. డాక్టరు గారు ఈసీజీ తీశారు, ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆయన గడ్డం గీరుకుని, చలికి, భయానికి కొందరి గుండె అలా పరిగెత్తుతుందని చెప్పి, మాత్ర మోతాదు పెంచారు. ఆ మాత్ర మింగితే చేతులు చల్లబడేవి, ఒళ్ళంతా బరువు. సన్నటి తీగకి సోల్డరింగ్ పెట్టాలంటే రెండు మూడుసార్లు గురి తప్పేది. అంత మాత్ర వేసుకుని కూడా నాలుగోసారి బయల్దేరితే, నూట ఎనభై. ఒక్కటీ తగ్గలేదు.

"మీకు చీకటంటే భయం పట్టుకుందండీ. పైకి చెప్పట్లేదు" అంది మా ఆవిడ. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి జబ్బకి కట్టింది. ఛాతీకి పట్టీ, జబ్బకి తాయెత్తు. నేను చీకటికి భయపడే మనిషినా? కోపంతో ఆ పూట అన్నం మానేశాను. అన్నం మానేసిన సంగతి కూడా డాక్టరు గారికి చేరింది.

డాక్టరు గారు ఇంక సైకిల్ వద్దన్నారు. మెత్తగానే అన్నారు. ఆ సాయంత్రమే మా ఆవిడ మైలవరం ఫోన్ చేసింది. అక్కడ ఆవిడ చెల్లెలి భర్త, నా తోడల్లుడు, మామిడి తోట చూసుకుంటాడు. తోటలో తిరగటానికి అతనికి సైకిల్ కావాలట. ఆదివారం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. నన్ను అడగలేదు. నేను మంచం మీదే ఉన్నాను, వింటూనే ఉన్నాను. లేచి గొడవ పెట్టుకోవాల్సింది. పెట్టుకోలేదు. ఎందుకంటే అప్పటికి నేను కూడా ఆ అంకెని నమ్మేశాను. నా గుండె చెడిపోయింది, అంతే. అంత దిగులు నాకు ఆసుపత్రిలో కూడా లేదు.

మూడు రోజులున్నాయి ఆదివారానికి.

శుక్రవారం జుమా నమాజు చేసుకుని కొట్టుకి వచ్చాను. కంకిపాడు దగ్గర ఒక చర్చి వాళ్ళు నా కోసం చూసి చూసి, ఆంప్లిఫయర్ని ఆటోలో వేసుకుని తెచ్చి పడేసి వెళ్ళారు. మూత విప్పానో లేదో కరెంటు పోయింది. మా కొట్టులో కరెంటు పోతే పట్టపగలైనా చేతి వేళ్ళు కనబడవు. సైకిల్ గుమ్మంలోనే ఉంది, ఆదివారం దాకా నాదే కదా అని తెచ్చుకున్నాను. దాని లైటు విప్పి, వెలిగించి, బల్ల మీద పెట్టుకున్నాను. ఒళ్ళంతా మాత్ర మత్తు. స్టూలు మీద కూర్చుని స్క్రూలు విప్పుతున్నాను, అంతకంటే పెద్ద పని ఏమీ చెయ్యడం లేదు. పట్టీ ఛాతీకే ఉంది, పొద్దున లేచింది మొదలు విప్పకూడదని ఇంట్లో ఆజ్ఞ. వాచీ బల్ల మీద ఉంది. చూపు దాని మీద పడింది.

నూట ఎనభై.

 ఒక మీటరు చెప్పిన అంకెని ఇంకోదానితో సరిచూడటం ఇరవై ఏడేళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే కదిలింది. రెండు వేళ్ళు మణికట్టు మీద పెట్టి గోడ గడియారం చూశాను. చీకట్లో ముళ్ళు కనబడక లైటు ఎత్తి పట్టుకుని మరీ లెక్కపెట్టాను. డెబ్భై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. డెబ్భై నాలుగే. వాచీలో నూట ఎనభై. లైటు ఆపాను. వాచీ ఒకటి రెండు సార్లు తడబడింది, తర్వాత డెబ్భై ఆరు చూపించింది. లైటు వేశాను. నూట ఎనభై.

జేబు రేడియో ఒకటి ఎప్పుడూ నా సొరుగులో ఉంటుంది. ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి, ఆ సబ్బు డబ్బా దగ్గరికి తెచ్చాను. టక్ టక్ టక్. సెకనుకి మూడు. లైటు మినుకుమన్న ప్రతిసారీ ఒక టక్కు. సెకనుకి మూడైతే నిమిషానికి ఎంతో లెక్క వెయ్యడానికి నాకు కాగితం అక్కర్లేదు. మూడు వారాలుగా ఆ వాచీ లెక్కపెట్టింది నా గుండెని కాదు. నా లైటుని.

నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. బెల్లం గోడౌను నుంచి ఒకడు తొంగిచూసి, "బానే ఉన్నారా భాయ్?" అన్నాడు. బానే ఉన్నానురా, ఇంత బాగా ఎప్పుడూ లేను, అన్నాను. తర్వాత ఆ సబ్బు డబ్బా మూత తీసి, లోపల ఏరియల్ రాడ్డు మీద నేను చుట్టిన చుట్లు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు సిగ్గేసింది.

ఎందుకు సిగ్గో చెప్పాలి. ఆ రాడ్డు రేడియోలో ఉండేదే గాలిలో అలల్ని పట్టుకోవడానికి. పట్టుకోగలిగింది పంపగలదు కూడా. లైటు కాయిల్‌ని దాని మీద చుట్టానంటే, నేను లైటు చెయ్యలేదు, ఒక చిన్న రేడియో స్టేషన్ చేసి హ్యాండిల్‌కి బిగించుకున్నాను. కొత్తవాడు చేస్తే అనుకోవచ్చు. కొత్తవాడికి అసలు ఆ రాడ్డే దొరకదు. బల్ల కింద డబ్బా నిండా ఏరియల్ రాడ్లు పోగేసుకున్న నాలాంటి పాత రేడియో మనిషి మాత్రమే చెయ్యగల తప్పు అది.

పైగా నా పనిలో సగం ఇదే. తొంభైల్లో మా పక్క వీధి బియ్యం వ్యాపారి ఒకాయన, సరిగ్గా పొద్దున వార్తల వేళకే తన రేడియో గర్రుమంటుందని మూడుసార్లు నా కొట్టుకి తెచ్చాడు. మూడోసారి వాళ్ళింటికే వెళ్ళి కూర్చున్నాను. వార్తలు మొదలయ్యాయి, వంటింట్లో వాళ్ళ కోడలు మిక్సీ వేసింది. మీ రేడియో బంగారం, పచ్చడి వార్తలయ్యాక రుబ్బించుకోండి అని చెప్పి వచ్చాను. ఇలాంటివి ఎన్నో. సెట్టు మంచిదే, గోల పక్కనుంచి వస్తోంది అని ఊరందరికీ చెప్పినవాణ్ణి, నా గుండె దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే తట్టలేదు. లైటు నేను చేసింది కదా, అందులో తప్పెలా ఉంటుంది? గుండెని అనుమానించాను, చలిని అనుమానించాను, చీకటిని అనుమానించాను. నా చేతిపనిని మాత్రం అనుమానించలేదు.

అసలు జబ్బు గుండె అంత పద్ధతిగా కొట్టుకుంటుందా? కూర్చున్నా నూట ఎనభై, తొక్కినా నూట ఎనభై, అంత మాత్ర మింగినా నూట ఎనభై. ఆ పద్ధతి చూసి మొదటి రోజే పట్టుకోవాల్సింది.

ఇంక ఆగలేదు. కొట్టు మూసి ఇంటికి పరిగెత్తినంత పని చేసి, మా ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. తల ఎత్తకుండానే, "మీకు కావాల్సిన దానికి కారణాలు మీకు బానే దొరుకుతాయి. ఆదివారం మైలవరం ఆయన వస్తాడు, ఇచ్చేద్దాం" అంది.

"నిజంగా లైటేనే. చూపిస్తా రా."

"లైటు మెషీను మీదే, వాచీ చూసేదీ మీరే. డాక్టరు గారు చెబితే వింటా."

సరే, అదీ చూద్దామనుకున్నాను. శనివారం పొద్దున్నే సబ్బు డబ్బా, వాచీ, పట్టీ సంచీలో వేసుకుని డాక్టరు గారి దగ్గర అందరికంటే ముందు కూర్చున్నాను. ఆయన బల్ల మీద లైటు వెలిగించి చూపించాను. ఆయన నా చెయ్యి పట్టుకుని తన గడియారం చూసుకుని లెక్కపెట్టారు, వాచీ చూశారు, లైటు ఆపించారు, వేయించారు. మూడుసార్లు. చివరికి కళ్ళజోడు తీసి, "అయితే ఇన్నాళ్ళూ నేను లైటుకి మందిచ్చానన్నమాట" అన్నారు. మాత్ర పాత మోతాదుకి దించారు. చీటీ మీద "సైకిల్ తొక్కవచ్చు" అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించుకున్నాను. ఆయన నవ్వుతూనే రాశారు.

ఆ చీటీ తెచ్చి ఇంట్లో ఇస్తే మా ఆవిడ చదివి, మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టింది. "ఊఁ" అంది. ఆ ఊఁ ఏ పక్షమో నాకు అర్థం కాలేదు. ఫోన్ చేసి తోడల్లుణ్ణి రావద్దని మాత్రం చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని కొత్త లైటు చేశాను. పాడైన టీవీ బోర్డులోంచి ఒక గుండ్రటి రింగు పీకి, దాని మీద తీగ చుట్టాను. రింగు మీద చుడితే అల అందులోనే గుండ్రంగా తిరుగుతుంది, బయటికి పెద్దగా రాదు. చేతులు ఇంకా పాత మాత్ర మత్తులోనే ఉన్నాయి, తీగ రెండుసార్లు తెగింది. మూడోసారి చుట్టాను. మినుకుమనే సర్క్యూట్ తీసిపారేశాను, నిలకడగా వెలిగితే చాలు. పాలపొడి డబ్బా రేకు కత్తిరించి చుట్టూ పెట్టె కట్టాను. జేబు రేడియో పక్కన పెట్టి వింటే, చెవి ఆనించినా టక్కు లేదు. అయినా నమ్మకుండా దాన్ని హ్యాండిల్‌కి కాకుండా కింద ముందు చక్రం ఇరుసు దగ్గర బిగించాను. వాచీకి ఎంత దూరమైతే అంత మంచిది. మా ఆవిడని అడిగి కాదు, ఆదివారం ఎవరొచ్చినా సైకిల్ ఇచ్చేది లేదని నిశ్చయించుకునే బిగించాను.

ఆదివారం తొమ్మిదింటికి తోడల్లుడు వచ్చాడు. రెండు బుట్టల కూరగాయలు తెచ్చాడు. సైకిల్ చుట్టూ తిరిగి టైర్లు నొక్కి చూస్తుంటే నాకు లోపల ఉడికిపోతోంది. టీ ఇచ్చి కూర్చోబెట్టి, సంగతంతా చెప్పాను. అతను మా ఆవిడని సొంత అక్కలాగే చూస్తాడు, ఆపా అని పిలుస్తాడు. "ఏంటాపా, భాయ్ చెప్పేది నిజమేనా?" అన్నాడు. డాక్టరు గారు కూడా రాసిచ్చారు చూడమన్నాను.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ మా ఆవిడ, "నాకు కట్టండి" అంది.

"ఏంటి?"

"ఆ పట్టీ. మీ గుండె మీదైతే మీరేం చెప్పినా నడుస్తది. నా గుండెకి ఏ జబ్బూ లేదుగా. నాకు కట్టి చూపించండి."

పట్టీ తడిపి ఇచ్చాను. లోపలికి వెళ్ళి కట్టుకుని, పైట సర్దుకుని వచ్చి మంచం మీద కూర్చుంది. వాచీ నా చేతిలో ఉంది. పాత సబ్బు డబ్బా లైటు ఆవిడ పక్కన పెట్టి వెలిగించాను. నూట ఎనభై. వాచీ ఆవిడకి చూపించాను. ఆవిడ అంకె చూసింది, తన చెయ్యి తనే పట్టుకుని చూసుకుంది, మళ్ళీ అంకె చూసింది. "నేను కదలకుండా కూర్చునే ఉన్నాగా" అంది. తోడల్లుడు పగలబడి నవ్వాడు. "ఆపా, సైకిలెక్కకుండానే నీది భాయ్ కంటే జోరుగా ఉందే!" ఆవిడ కూడా నవ్వింది. ఎన్ని వారాలైందో ఆవిడ అలా నవ్వి. పాత లైటు ఆపాను. అంకె దిగి ఎనభై రెండు దగ్గర నిలబడింది. సైకిల్ మంచం దగ్గరికి తెచ్చి కొత్త లైటు వేశాను. ఎనభై రెండే. ఆపాను, వేశాను. ఎనభై మూడు, ఎనభై రెండు.

"చాల్లెండి, నమ్మాను" అంది.

"సైకిల్?"

"ఉంచుకోండి మీ సైకిల్. ఆయనకి ఇంకోటి చూద్దాంలే."

తోడల్లుడు మంచివాడు, ఏమీ అనుకోలేదు. రెండు లైట్లూ నేనే ఆపి, కొత్తది ఊడదీసి, పాతదానితో కలిపి చూడమని అతని చేతిలో పెట్టాను. అతను వాటి సెల్సు తీసి చూస్తున్నాడు. నాకు ఒళ్ళు తేలికైపోయింది. గెలిచాను. మూడు వారాల పోరు. ఇంక ఆగుతానా.

"రేపు సోమవారం. ఫజర్ అవగానే కంకిపాడు వెళ్తున్నా. చర్చివాళ్ళ సెట్టు బిగించాలి" అన్నాను.

"సరే, వెళ్ళి రండి" అంది. మామూలుగానే అంది. గొంతులో తేడా లేదు, ముఖంలో తేడా లేదు. లేచి, నా పక్కనే వంగి, టీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. "రొట్టెలు రాత్రే చేసిపెడతా. మఫ్లరు మర్చిపోకండి."

వాచీ ఇంకా నా చేతిలోనే ఉంది, పట్టీ ఇంకా ఆవిడకే ఉంది. ఎనభై రెండు కాస్తా ఎనభై తొమ్మిది అయింది. తొంభై ఏడు. నూట ఆరు. తోడల్లుడి వైపు చూశాను. సెల్సు అతని అరచేతిలో ఉన్నాయి, రెండు లైట్లూ చచ్చి ఉన్నాయి. మళ్ళీ వాచీ చూశాను. నూట పద్నాలుగు. ఆవిడ గ్లాసులు సర్దుతూనే ఉంది.

నేను ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ, ఆ తర్వాత చీకట్లో బయల్దేరిన నాలుగు సార్లూ, ఈ అంకె ఎక్కడ ఉండి ఉంటుందో. నా గుండెకి పట్టీ కట్టారు, డాక్టరు గారు చూశారు, కువైట్ నుంచి వాచీ వచ్చింది. ఆవిడ గుండె వైపు ఎవరమూ చూడలేదు.

నా మొహం చూసి ఆవిడ ఆగింది. "ఏమైందండీ? మళ్ళీ ఎక్కువ చూపిస్తోందా? లైటేనా?"

"ఆఁ, లైటే" అన్నాను.

సోమవారం కంకిపాడు వెళ్ళాను. ఫజర్ అయ్యాక రెండు గంటలు ఇంట్లోనే కూర్చుని, వీధిలో బాగా ఎండ పడ్డాక, ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తుండగా బయల్దేరాను. నేను వెళ్ళేసరికి చర్చి తాళంచెవి ఉన్న పెద్దమనిషి పొలానికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చుని, అతను వచ్చాక సెట్టు బిగించి, వెలుతురు ఉండగానే ఇల్లు చేరాను.